పాలమొగ ఎంత ఎత్తున ఉంది?

నమోదు 1
అక్టోబరు 4. చారుమతి పట్టీ: ఎరుపు, పదో రోజు.

ప్రశాంతతా శాఖ వాళ్ళు ప్రతి టీచరుకీ ఒక పలక ఇచ్చారు. రోజూ అందులో దినచర్య నింపాలి. అయితే అందులో భయం, ముంపు, తుఫాను లాంటి మాటలు పడవు. టైపు చేస్తే మాట మాయమై ఆ చోట పువ్వు బొమ్మ వస్తుంది. మొన్న నేను రాసిన రెండు వాక్యాలకి ఏడు చామంతులు, ఒక మందారం వచ్చాయి. అందుకే అసలు సంగతులు ఇక్కడ, పాత హాజరు రిజిస్టరు వెనక పేజీల్లో రాసుకుంటున్నాను. కాగితానికి ఇంకా అంత తెలివి రాలేదు.

నా పేరు ఒడుగు రత్నమాణిక్యం. పాలమొగ బడిలో ఇరవై రెండేళ్ళు భూగోళం చెప్పాను. ఆరేళ్ళ కిందట ఆ సబ్జెక్టే ఎత్తేశారు. పటాలు చూసి పిల్లలు బెంగపడుతున్నారట. గోడ మీది పటాన్ని పట్టుకుపోయి మేకులు మాత్రం వదిలేశారు. వాటికి నా గొడుగు తగిలిస్తున్నాను. ఇప్పుడు నేను చెప్పేది ప్రశాంత పఠనం. నలభై నిమిషాలు పిల్లలు కళ్ళు మూసుకుంటారు, స్పీకరులో కోకిల కూస్తుంది. నేనూ మూసుకోవాలి. మూసుకుంటే నిద్ర పడుతుంది. నా గురకకి కోకిల వినపడటం లేదని హెడ్మాస్టరు దైవప్రసాదం గారు మెమో కూడా ఇచ్చారు.

పిల్లల చేతులకి నాడిపట్టీలు ఉంటాయి. గుండె కొట్టుకునే తీరు, చెమట, నిద్ర అన్నీ చూసి భయానికి వందకి మార్కులు వేస్తాయి. చదువులో ముప్ఫై దాటని వాళ్ళకి కూడా ఇందులో డెబ్భై వస్తాయి. డెబ్భై దాటితే పట్టీ ఎర్రబడుతుంది. వరసగా ముప్ఫై రోజులు ఎర్రగానే ఉంటే ఆ పిల్లని మెట్ట ప్రాంతంలోని విశ్రాంతి గృహానికి పంపేస్తారు. రెండు వందల కిలోమీటర్ల దూరం. ఏడాదికి రెండుసార్లు అమ్మానాన్నలు వెళ్ళి చూడొచ్చు. పోయిన ఏడు ఇక్కడి నుంచి ఇద్దరు వెళ్ళారు. వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తాయి. రెండు ఉత్తరాలూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి.

ఇప్పుడు తొమ్మిదో తరగతి లంకే చారుమతి వంతు వచ్చేట్టుంది. తండ్రి లేడు. తల్లి పైడమ్మ ఏటి ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. ఆ ఇద్దరికీ ఒకరికొకరు తప్ప ఎవరూ లేరు. పది రోజులైంది. ఇంకా ఇరవై.

నమోదు 2
అక్టోబరు 7. ఎరుపు, పదమూడో రోజు. 84 మార్కులు.

ఇవాళ కోకిల కూస్తుండగా చారుమతిని వరండాలోకి పిలిచాను. కింద వీధిలో పోటు నీళ్ళు మోకాలి లోతున ఉన్నాయి. కూరగాయల పడవ వెళ్తోంది. పడవలో ఆవిడ వంకాయల ధర అరుస్తోంది.

"ఏమ్మా, నీ బాధేంటో చెప్పు" అన్నాను.

"మా అమ్మ ఐసు ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు పెద్ద నీళ్ళొస్తే ఎటు వచ్చిద్ది టీచర్? నేను ఎటు పోవాల? నేనొక చోట, అమ్మొక చోట అయితే ఎట్టా?"

దీనికి శాఖవారి జవాబు కార్డు మీద అచ్చువేసి నా మెడలోనే వేలాడుతోంది. సిగ్గులేకుండా అదే చదివాను. "అలాంటి ఆలోచన వచ్చినప్పుడు లోతుగా ఊపిరి పీల్చుకో."

"పీలుస్తానే ఉన్నానండి. పుట్టినకాడ్నించీ ఆపలేదు."

నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆ పిల్ల అడిగింది బెంగ కాదు, ప్రశ్న. అది కూడా నా సబ్జెక్టులో ప్రశ్న. ఏ చోటు ఎంత ఎత్తు, నీళ్ళు ముందు ఎటు వస్తాయి, ఎటు ఆలస్యంగా వస్తాయి? ఇరవై రెండేళ్ళు అమెజాన్ పొడవు, నైలు పొడవు వల్లెవేయించాను గానీ, మా బడి మెట్టు ఎత్తెంతో నాకే తెలియదు. ఇంటికి వెళ్ళి కార్డు పొయ్యిలో పెట్టాను. పైన ప్లాస్టిక్ ఉంది కాబోలు, వంటిల్లంతా కంపు.

నమోదు 3
అక్టోబరు 10. ఎరుపు, పదహారో రోజు. 83.

గౌస్ మేస్త్రి దగ్గర నీళ్ళ పైపు అడిగి తెచ్చాను. గోడ కట్టేటప్పుడు మట్టం చూసుకునే పారదర్శకం పైపు. దాని నిండా నీళ్ళు పోసి, ఒక కొస ఈ గోడకి, ఇంకో కొస ఆ గోడకి పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అక్కడ గీత గీసి, కింద నేల ఎంత దూరముందో కొలుచుకుంటే ఏ నేల ఎత్తో, ఏది పల్లమో తెలిసిపోతుంది. కరెంటు అక్కర్లేదు, శాఖ అనుమతి అక్కర్లేదు.

"బుడగ రాకుండా చూసుకోండి మేడం. బుడగొచ్చిందంటే ఇల్లు వంకరొచ్చిద్ది" అన్నాడు మేస్త్రి.

పలకలో "నీళ్ళతో సరదా ఆటలు" అని రాశాను. పలక సంతోషించి తామరపువ్వు వేసింది.

తొమ్మిదో తరగతిలో పదకొండు మంది. మధ్యాహ్నం ఆటుకి వీధులు బయటపడ్డాక దిగాం. ఎత్తు మొదలుపెట్టడానికి తెలిసిన చోటు ఒకటి కావాలి కదా. ఏటిగట్టు మీద సర్వే రాయి ఉంది. దాని మీద 2.10 అని చెక్కి ఉంటుంది. సముద్ర మట్టానికి రెండు మీటర్ల పది సెంటీమీటర్లు అని అర్థం. ఊళ్ళో దాన్ని రాయమ్మ అంటారు. పసుపు, కుంకుమ, వేపమండలు, శుక్రవారం పరమాన్నం. పసుపు గోకి అంకె చదివేసరికి ఒక ముసలాయన మమ్మల్ని తిట్టిపోశాడు. చారుమతి వెంటనే మళ్ళీ పసుపు రాసింది, ఆయన శాంతించాడు.

గట్టు నుంచి మొదలుపెట్టి బుడగలతో, బురదతో, ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుపులతో సాయంత్రానికి మూడు వీధులు కొలిచాం. పిల్లలకి కళ్ళు తెరిచి చదువుకోవడం కొత్తగా ఉంది. నాకు మాత్రం నడుం పోయింది.

నమోదు 4
అక్టోబరు 14. ఎరుపు, ఇరవయ్యో రోజు. 81.

ఊళ్ళో వీధులన్నీ కొలవడం అయిపోయింది. లెక్క కుదరడం లేదు.

పోటు నీళ్ళు నిలిచిన గీత నుంచి రాయి దాకా కొలిస్తే పది సెంటీమీటర్లే తేడా వస్తోంది. రాయి రెండు మీటర్ల పది అయితే పోటు రెండు మీటర్లు అవ్వాలి. రేడియోలో రోజూ చెప్పే పోటు తొంభై సెంటీమీటర్లు.

"టీచర్, సముద్రం తప్పా, రాయి తప్పా?" అన్నది చారుమతి.

"రేడియో తప్పేమో" అన్నాడు వెనకనించి ఒకడు. మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ అంతే.

సాయంత్రం పైడమ్మ కూతురి కోసం వచ్చింది. చేతులు ఐసుకి మంచులా ఉన్నాయి. చారుమతి అడిగిందే తడవుగా పైడమ్మ గుట్టంతా విప్పింది.

"రాయమ్మ ముందు గట్టు మీద లేదే. బడి ఎనక దిబ్బ మీద ఉండేది. పన్నెండేళ్ళ కిందట పెద్ద పోటొచ్చినప్పుడు మేమే ఆరుగురం ఆడాళ్ళం మోసుకొచ్చి గట్టున కూకోబెట్టాం. సముద్రానికి ఎదురుగా ఉంటే ఆపిద్ది గదా అని. బడి ఎనక పిల్లలు ఉచ్చలు పోసే చోట అమ్మని ఎట్టా ఉంచుతాం టీచర్గారూ?"

ఇన్నేళ్ళూ ఈ బడిలోనే ఉండి వెనక దిబ్బ వైపు నేనొక్కసారీ తొంగి చూడలేదు. ఆ తరవాత పటం కోసం శాఖ వాళ్ళు పంపిన డ్రోను ఆ రాయి అంకెని నమ్మి ఊరి ఎత్తులన్నీ లెక్కకట్టింది. రాయి దిబ్బ దిగి మీటరు పైన కిందికొచ్చిందని డ్రోనుకేం తెలుసు? అంటే శాఖ పటంలో ఊరు ఉన్నదానికంటే మీటరు పది సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంది. వాళ్ళు కాగితం మీద మమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టారు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ ప్రశాంత మందిరం. ఏ ఆపద వచ్చినా బడి పిల్లలందరూ వెళ్ళాల్సిన చోటు అదే. సముద్రం కనపడితే బెంగ కలుగుతుందని దాని చుట్టూ ఎత్తుగా గోడ కట్టి, ఆ గోడ మీద సముద్రం బొమ్మ వేయించారు. శాఖ లెక్కన దాని నేల 2.20. పోటుకి పైన మీటరుంబావు దాటి ఖాళీ. అసలు ఎత్తు 1.10. పోటుకి పైన ఉన్నది జానెడు.

నమోదు 5
అక్టోబరు 15. ఎరుపు, ఇరవై ఒకటో రోజు. 90.

పదకొండు పట్టీలూ ఎర్రబడ్డాయి. తరగతి మిరపకాయల బుట్టలా ఉంది.

దైవప్రసాదం గారు ఊగిపోయారు. "ఏంటండీ మాణిక్యం గారూ, ఒక పిల్లని కాపాడమంటే పదకొండు మందిని మెట్టకి పంపేట్టున్నారే! ఆ పైపు మేస్త్రికి ఇచ్చెయ్యండి. కోకిల పెట్టండి."

ఆ మందిరం సంగతి శాఖకి చెప్పండి సార్ అన్నాను. ఆయన నా ముందే పలకలో రాశారు. వరసగా చామంతులు వచ్చాయి. ఇద్దరం కాసేపు ఆ పూలతోట చూస్తూ నిలబడ్డాం.

నిజం చెప్పాలంటే ఇవాళ నాకు భయం వేసింది. ఆ పిల్ల బెంగ తీరుద్దామని పైపు పట్టుకున్నాను. తీరకపోగా తరగతి అంతటికీ అంటించాను. శాఖ వాళ్ళే నయమేమో, కళ్ళు మూసుకోమన్నారు. ఇంటికి పోదామని గొడుగు తీసుకుంటుంటే చారుమతి అడ్డం వచ్చింది.

"టీచర్, ఐసు ఫ్యాక్టరీ 95 సెంటీమీటర్లు. మందిరం 110. మరి అన్నిటికంటే ఎత్తు ఎక్కడ?"

"వీధులే కొలిచాం, దిబ్బలు ఇంకా చూడలేదు కదే."

"చూద్దాం మరి. రేపు కోకిలప్పుడు."

నమోదు 6
అక్టోబరు 19. ఎరుపు, ఇరవై అయిదో రోజు. 79. తరగతిలో ఏడుగురు పసుపులోకి దిగారు.

దొరికింది. పాలమొగలో అన్నిటికంటే ఎత్తైన చోటు సోమాలమ్మ కల్లుపాక అని పదహారునే తేలింది. 3.30 మీటర్లు.

వెనకటికి అక్కడ సున్నపు బట్టీ ఉండేదట. గుల్లలు కాల్చి కాల్చి పోసిన గుట్ట మీద పాక వేసుకుంది సోమాలమ్మ. ప్రభుత్వాలు, ఇంజనీర్లు, శాఖలు అందరూ చేతులెత్తేసిన చోట తాగుబోతులు సరైన స్థలం ఎన్నుకున్నారు.

"బడి పిల్లల్ని కల్లుపాకకి తీసుకెళ్తారా?" అన్నారు దైవప్రసాదం గారు, గుండె మీద శిలువ గుర్తు వేసుకుంటూ.

"నీళ్ళొస్తే తీసుకెళ్తాను సార్. రాకపోతే మీరొక్కరే వెళ్ళండి."

నాలుగు రోజులుగా పిల్లలు ఊరంతా తిరిగి ప్రతి వీధి మలుపులో గోడకి నీలం రంగుతో ఆ చోటి ఎత్తు అంకె, కల్లుపాక వైపు బాణం గుర్తు వేస్తున్నారు. ఎక్కువ ఎత్తున్న వీధుల మీదుగానే బాణాలు తిప్పింది చారుమతి. ఐసు ఫ్యాక్టరీ నుంచి గీసిన దారిని తల్లితో ముమ్మారు నడిపించింది. "దీనికి నడక నేర్పింది నేను, ఇప్పుడిది నాకు నేర్పుతంది" అని పైడమ్మ మురిసిపోయింది. ఊళ్ళో తాగుబోతులు కూడా ముచ్చటపడ్డారు. ఇన్నాళ్ళకి దారి చూపించే బోర్డులు పెట్టారని.

ఒక్కొక్క గోడా అయ్యేకొద్దీ పట్టీలు దిగుతున్నాయి. చారుమతిది మాత్రం డెబ్భై దిగడం లేదు. ఆ పిల్ల పోగొట్టుకునేది మిగతా వాళ్ళకంటే ఎక్కువ మరి. అయిదు రోజులే ఉన్నాయి.

నమోదు 7
అక్టోబరు 23. ఎరుపు, ఇరవై తొమ్మిదో రోజు. 76.

శాఖ నుంచి సుధీంద్ర అనే అధికారి దిగాడు. పాతికేళ్ళుంటాయి. మెట్టలో పుట్టి మెట్టలో పెరిగినవాడు. మాట ఎంత మెత్తగా ఉంటుందంటే ముందుకు వంగి వినాలి. లాంచీలో చారుమతికి సీటు, దుప్పటి, బిస్కెట్లు సిద్ధంగా ఉంచాడు. రేపు మధ్యాహ్నం పన్నెండుకి ముప్ఫయ్యో రోజు మార్కు పంపేసి తీసుకుపోతాడట.

ఎత్తుల పుస్తకం ముందు పెట్టాను. శాఖ పటం ఆరు ఉపగ్రహాలతో సరిచూసిందన్నాడు. రాయమ్మ కథ చెప్పాను. చిరునవ్వు నవ్వి, తన చేతికున్న పట్టీ చూపిస్తూ, "మీరు కూడా ఒక పట్టీ పెట్టుకుంటే బాగుంటుంది మేడం" అన్నాడు.

పైడమ్మ వచ్చి అతని కాళ్ళ మీద పడబోయింది. నేను జబ్బ పట్టుకుని లేపాను. గట్టిగానే పట్టుకున్నట్టున్నాను, అబ్బా అంది. రేడియోలో గాలివాన కబురు చెబుతున్నారు. పోటుకి పైన ఇంకో మీటరు రావచ్చట. సుధీంద్ర పటం చూసుకుని, మందిరం 2.20 కాబట్టి ఏం ఫరవాలేదన్నాడు.

నమోదు 8
అక్టోబరు 24. ముప్ఫయ్యో రోజు.

రిజిస్టరు మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే పోనీ.

పొద్దున తొమ్మిదికి పైడమ్మ ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళింది. రాకపోతే పని పోతుందన్నారట. తొమ్మిదిన్నరకి గాలి తిరిగింది. పదికి వీధిలో నీళ్ళు మొదలయ్యాయి. బడిలో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా అరవై ఆరు మంది పిల్లలు. సుధీంద్ర మెట్ల మీద నిలబడి చేతులు చాచి, "నెమ్మదిగా, ఊపిరి పీల్చుకుంటూ అందరం మందిరానికి వెళ్దాం" అన్నాడు.

"వద్దండి" అన్నది చారుమతి. "అక్కడికి పోతే ఒకటో తరగతోళ్ళకి ముక్కు మీదకి వచ్చిద్ది. ఎత్తుగోడ ఉంది, ఎటూ పోలేరు."

అతను ఆమె పట్టీ చూసి నావైపు తిరిగాడు. "చూశారా మేడం, ఆందోళనలో మాట్లాడుతోంది."

"అవును, ఆందోళనే" అన్నాను. "లెక్క మాత్రం తప్పలేదు." హెడ్మాస్టరు గారి వంక చూశాను. ఆ పెద్దమనిషి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నారు, తెరిచారు. ఒకటో తరగతి పిల్లని చంకనెత్తుకుని, "పదండి, కల్లుపాకకి" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడానికి బతికున్నందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

చారుమతి ముందు నడిచింది. నీలం అంకెలు చూస్తూ, ఎక్కడ కుడికి తిరగాలో, ఏ మలుపులో చిన్నవాళ్ళని ఎత్తుకోవాలో అరుస్తూ నడిపించింది. ఒక్క చోట కూడా నీళ్ళు పెద్దపిల్లల మోకాలు దాటలేదు. సోమాలమ్మ కుండలన్నీ ఒక మూలకి జరిపి మమ్మల్ని లోపలికి రమ్మంది. లెక్కపెట్టాను. అరవై ఆరు.

సుధీంద్ర లేడు. నిబంధన ప్రకారం మందిరానికే వెళ్ళాడట.

పాక నుంచి చూస్తే మందిరం గోడ కనిపిస్తోంది. గోడ మీది సముద్రం సగం దాకా అసలు సముద్రం వచ్చేసింది. అప్పటికే పాక చేరిన గౌస్ మేస్త్రి, సుధీంద్రని తేవడానికి తాడు భుజాన వేసుకున్నాడు. "నేనూ వస్తా, దారి నాకు తెలుసు" అని చారుమతి అతని ముందు దిగింది. నేను వద్దన్నాను. గట్టిగా అరిచాను. వినలేదు. ఆ ఇరవై నిమిషాలు నేను ఎవరెవరికి మొక్కుకున్నానో చెప్పను, అందరికీ.

ముగ్గురూ తిరిగొచ్చారు. మందిరంలో నీళ్ళు నడుం దాకా వస్తే కుర్చీ మీద నిలబడి ఉన్నాడట సుధీంద్ర. ఇప్పుడు పాక మధ్యలో సోమాలమ్మ చీర కప్పుకుని కూర్చున్నాడు. అతని చేతికున్న పట్టీ 93 చూపిస్తూ కీచుమంటోంది.

"ఇంకా పెరుగుతుందా?" అని అడిగాడు.

"ఇంకో జానెడు. పదకొండున్నరకి పోటు తిరిగిద్ది" అంది చారుమతి. అంటోంది గానీ అతన్ని చూడటం లేదు. ఐసు ఫ్యాక్టరీ వైపు చూస్తోంది. పెదవులు తెల్లబడ్డాయి.

పదకొండుంబావుకి మూడో మలుపు దగ్గర ఒక తల కనిపించింది. ఛాతీ లోతు నీళ్ళలో గోడ మీది అంకె తడిమి చూసుకుంటూ, బాణం వైపు తిరుగుతూ వస్తోంది పైడమ్మ. వెనకే ఫ్యాక్టరీ ఆడవాళ్ళు తొమ్మిది మంది, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని.

చారుమతి పరుగున వెళ్ళి తల్లిని వాటేసుకుంది, మరుక్షణం తిట్ల వర్షం. "ఎంతసేపే! అంత ఆలీసమా? మధ్యలో ఏమైనా కబుర్లు పెట్టుకున్నావా?" పైడమ్మ నవ్వుతోంది, ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. దైవప్రసాదం గారు మాత్రం కంట్లో గుల్ల పడిందన్నారు.

పదకొండున్నరకి నీళ్ళు నిలిచాయి. చారుమతి పాక గుంజ మీద గీత గీసి కొలిచింది. 2.04.

పన్నెండయింది. సుధీంద్ర తడిసిన పలక తీశాడు. పాడవలేదు, దరిద్రం. చారుమతి పట్టీ 74. ఎరుపే. ముప్ఫై రోజులూ పూర్తి. పైడమ్మ కూతురి చెయ్యి వదలకుండా పట్టుకుని చూస్తోంది.

"ఉన్న అంకె పంపాలి" అన్నాడు మెల్లగా. పంపాడు. తరవాత పలక కిందికి జరుపుతూ చాలాసేపు ఏదో చదివాడు. "ఇక్కడ కారణం అని ఒక గడి ఉంది. ఎప్పుడూ ఎవరూ నింపలేదు. ఖాళీగా వదిలితే 'అకారణ భయం' అని అదే పడుతుంది. అకారణ భయమైతేనే తరలించాలి."

"మరి నింపండి" అన్నాను.

టైపు చేశాడు. చామంతి వచ్చింది. ఇంకో మాట వేశాడు. మందారం. అతని చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడు చారుమతి దగ్గరికి వచ్చి, "అంకె వెయ్యండి సార్. అంకెకి పువ్వు రాదు" అంది.

"ఎంత?"

"మందిరంలో నీళ్ళు 94 సెంటీమీటర్లు."

అదే వేశాడు. పలక కాసేపు ఆలోచించింది. ఆకుపచ్చ గుర్తు పడింది. తరలింపు రద్దు.

సాయంత్రం నాలుగుకి నీళ్ళు కాస్త తీశాయి. లాంచీ వచ్చింది. అందులో బిస్కెట్లు, దుప్పటి, ఖాళీ సీటు అలాగే ఉన్నాయి. గట్టు ఎక్కడుందో, కాలువ ఎక్కడుందో తెలియకుండా ఎటు చూసినా ఒకటే బురదనీళ్ళు. సుధీంద్ర లాంచీ మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగాడు. నన్ను అడగలేదు, హెడ్మాస్టరు గారినీ అడగలేదు.

"ఎటు నుంచి వెళ్ళమంటావు చారుమతీ?" అన్నాడు.